తీగల మిణుకు, చెట్ల మొలక, "టీమ్‌కి పంపాం": ట్రెయిన్ సిమ్‌లో తప్పు ఎక్కడుందో తేల్చుకుని డెవలపర్‌కి రాయడం ఎలా

అడిగింది ఇదీ: ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, 1080పి మానిటర్. ట్రెయిన్ సిమ్ వరల్డ్‌లోనూ, ఓపెన్ రైల్స్‌లో (రెండూ రైలు నడిపే సిమ్యులేటర్ ఆటలు) వేసుకున్న రాజమండ్రి వైపు రూట్‌లోనూ (ఆటలోని రైలు మార్గం) కరెంటు తీగలు మిణుకుమిణుకుమంటున్నాయి. చెట్లు కళ్ల ముందే మొలుస్తున్నాయి. కంకర ఎంత దూరం చూసినా ఒకే అచ్చు. తయారీదారులకు రాస్తే "టీమ్‌కి పంపాం" అన్న ఒక్క ముక్కే వచ్చింది. కార్డు మార్చాలా, వాళ్లనే గట్టిగా అడగాలా?

కార్డు మార్చకండి. మీరు చెప్పిన మూడింటికీ కారణాలు వేరు. ఒకటి చాలావరకు మీ సెట్టింగ్స్‌లో ఉంది, ఒకటి సగం సెట్టింగ్స్‌లో సగం రూట్‌లో ఉంది, మూడోది పూర్తిగా రూట్ తయారీలోనే ఉంది. మూడింటినీ కలిపి "గ్రాఫిక్స్ బాలేదు" అని రాస్తే అవతలివాళ్లకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు, అందుకే ఆ ఒక్క ముక్క జవాబు వస్తుంది. ముందు దేన్ని ఎవరు సరిచేయగలరో తేల్చుకోవాలి. రాయడం సంగతి ఆ తర్వాత.

తీగలతో మొదలుపెడదాం, ఎందుకంటే ఇక్కడ లెక్క తెలిస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. 1080పి తెర, అడ్డంగా 75 డిగ్రీల దృశ్యం అనుకోండి. ఒక వస్తువు తెర మీద ఎన్ని పిక్సెళ్లు పడుతుందో తెలియాలంటే దాని కొలతను మీటర్లలో తీసుకుని 1,250తో గుణించి, దూరంతో భాగించాలి. మన రైల్వేలో 25 కేవీ లైన్లకు వాడే కాంటాక్ట్ తీగ 107 చదరపు మి.మీ. రాగి, అంటే దాదాపు 12 మి.మీ. మందం. లెక్క వేస్తే 15 మీటర్ల దూరానికే అది ఒక్క పిక్సెల్‌కి దిగిపోతుంది. 4కే తెర కొన్నా 30 మీటర్లు. క్యాబ్‌లో కూర్చున్నవాడికి ముందు అద్దంలోంచి కనిపించే తీగంతా దాదాపుగా ఆ దూరం అవతలిదే. అంటే ఏ సిమ్‌లోనైనా, ఏ కార్డు మీదైనా, మీరు చూస్తున్నది పిక్సెల్‌కన్నా సన్నని వస్తువు. ఒక ఫ్రేమ్‌లో పిక్సెల్ నడిమధ్యలో తీగ పడుతుంది, తర్వాతి ఫ్రేమ్‌లో పక్కకి తప్పుకుంటుంది. మిణుకు అంటే అదే.

దీనికి మీ వైపు చేయగలిగినవి రెండు. ట్రెయిన్ సిమ్ వరల్డ్‌లో యాంటీ ఏలియాసింగ్‌ని (అంచుల్లో మెట్లు, మిణుకు తగ్గించే సెట్టింగ్) టీఏఏ మీద ఉంచండి. ఎఫ్ఎక్స్ఏఏ అనే ఇంకో పద్ధతి అంచుల్ని నున్నగా చేస్తుందే తప్ప, అసలు ఆ ఫ్రేమ్‌లో గీయని తీగను తెచ్చిపెట్టలేదు. టీఏఏ మాత్రం వెనకటి ఫ్రేమ్‌లను కలుపుకుంటుంది కాబట్టి ఆకాశం మీద తీగ నిలకడగా కనిపిస్తుంది. దానికి మూల్యంగా వేగంగా కదిలే వస్తువుల వెనక మసక తోక వస్తుంది. రెండోది స్క్రీన్ పర్సెంటేజ్, అంటే తెర కన్నా ఎక్కువ పిక్సెళ్లలో బొమ్మ గీసి కుదించడం. 100 నుంచి 150కి పెంచితే లెక్కించాల్సిన పిక్సెళ్లు రెండుంపావు రెట్లవుతాయి, 200కి పెంచితే నాలుగు రెట్లు. 1080పి మానిటర్ మీద 3060తో 130 నుంచి 150 మధ్య ప్రయత్నించండి. ఫ్రేమ్‌లు పడిపోతే నీడల నాణ్యత ఒక మెట్టు తగ్గించండి, స్క్రీన్ పర్సెంటేజ్‌ని మాత్రం ముట్టుకోవద్దు. రైలు ఆటలో కంటికి ఎక్కువసేపు ఆనేవి పట్టాలు, తీగలు, స్తంభాల వంటి సన్నని గీతలే. కాబట్టి కార్డు శక్తిని ముందు వాటికే ఖర్చుపెట్టాలి.

ఓపెన్ రైల్స్ సంగతి వేరు. అక్కడ తీగను రూట్ తయారుచేసినవాళ్లు ఎలా చేశారన్నదే ముఖ్యం. నిజమైన ఆకారంగా గీసి ఉంటే ఎంఎస్ఏఏ (ఆకారాల అంచుల్ని నున్నగా చేసే మరో పద్ధతి) పనిచేస్తుంది. పారదర్శకమైన బొమ్మ మీద గీతగా గీసి అతికించి ఉంటే ఎంఎస్ఏఏ దాన్ని పట్టించుకోదు, పైగా దూరం వెళ్లేకొద్దీ మిప్‌మ్యాప్‌లలో (దూరానికి వాడే ఆ బొమ్మ చిన్న నకళ్లు) గీత పలచబడి తీగ మాయమైపోతుంది. "స్తంభాలున్నాయి, తీగ లేదు" అని వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఇవే. తయారీదారు చేయాల్సిన పని రెండు మాటల్లో చెప్పొచ్చు: మిప్‌మ్యాప్‌లు తీసేటప్పుడు పారదర్శకత మోతాదు తగ్గకుండా కాపాడాలి, లేదా దూరపు ఎల్‌ఓడీలో (దూరం నుంచి చూపే సరళమైన ఆకారం) తీగను కావాలనే లావుగా చేసి, ఆ మేరకు రంగు పలచన చేయాలి. ఈ ముక్క మీ రిపోర్టులో రాస్తే వాళ్లకు వెతుకులాట తప్పుతుంది.

ఇక మిణుకు అన్నదంతా ఒకటే జబ్బు కాదు. బండి ఆపండి, ఎక్స్‌టర్నల్ కెమెరాలోకి వెళ్లి కెమెరాని కదపకుండా ఉంచండి. మిణుకు ఆగిపోతే పైన చెప్పిన పిక్సెల్ సంగతే. ఆగకుండా ప్లాట్‌ఫారం అంచు మీదో గోడ మీదో రెండు రంగులు చారలు చారలుగా పోరాడుతుంటే, లేదా కెమెరా వెనక్కి జరిపేకొద్దీ ఆ చారలు పెరుగుతుంటే, రెండు పలకలు ఒకే చోట పడ్డాయి. దాన్ని సెట్టింగ్స్‌తో ఎవరూ సరిచేయలేరు, తయారీదారు ఒక పలకను ఒకటి రెండు సెంటీమీటర్లు జరపాలి. ఇది చాలా చిన్న మరమ్మతు. చోటు సరిగ్గా చెప్తే తర్వాతి ప్యాచ్‌లోనే వచ్చే అవకాశం ఎక్కువ.

చెట్ల మొలకకి వస్తే, ఒకే చోట రెండుసార్లు వెళ్లి చూడండి. ఒకసారి 30 కి.మీ. వేగంతో, ఇంకోసారి 130తో. రెండుసార్లూ ఒకే దూరంలో చెట్టు మొలిస్తే అది దూరపు హద్దు. ఫోలియేజ్, వ్యూ డిస్టెన్స్ సెట్టింగ్స్‌లో పెంచుకోవచ్చు. అన్నీ గరిష్ఠంగా ఉన్నా అంతే ఉంటే రూట్‌లో పెట్టిన హద్దు అది. అలా కాకుండా నెమ్మదిగా వెళ్లినప్పుడు సరిగ్గా ఉండి, 130లో చెట్లు ఆలస్యంగా, ముందు మసకగా వచ్చి తర్వాత తేటపడుతుంటే, అది లోడింగ్ ఇబ్బంది. 130 కి.మీ. అంటే సెకనుకి 36 మీటర్లు. 300 మీటర్ల హద్దు ఉన్న చెట్టు మొలిచిన ఎనిమిది సెకన్లలో మీ పక్కనుంచి దాటిపోతుంది. హార్డ్ డిస్క్‌లో ఉన్న ఆటకి ఆ ఎనిమిది సెకన్లు చాలవు. ఎస్ఎస్‌డీలోకి మార్చడం దీనికి అన్నిటికన్నా చవకైన మందు. వీడియో మెమరీ నిండిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో కార్డు మెమరీ గీత పైకప్పుకి తగులుతోందేమో చూడండి. తగులుతుంటే టెక్స్‌చర్ (వస్తువుల మీద అతికించే బొమ్మ) నాణ్యత ఒక మెట్టు దించండి.

ఓపెన్ రైల్స్‌లో వ్యూయింగ్ డిస్టెన్స్ మామూలుగా 2,000 మీటర్లుంటుంది. నేల పలకలు 2,048 మీటర్ల చదరాలు, ఎంఎస్‌టీఎస్ (మైక్రోసాఫ్ట్ పాత ట్రెయిన్ సిమ్యులేటర్) కాలంనుంచీ అంతే. దూరాన్ని 4,000కి పెడితే లోడయ్యే నేల రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే చాలామంది 10,000 పెట్టి స్టట్టర్ (ఆట ఆగి ఆగి కదలడం) వస్తోందని వాపోతుంటారు. 3,000 పెట్టి, దూరపు కొండలకు వేరే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేసుకుంటే మన మైదానపు రూట్లకు సరిపోతుంది. దూరం పెంచినా ఒక ఇల్లు 700 మీటర్లలోనే మొలుస్తోందంటే ఆ ఇంటి ఆకారం ఫైల్‌లోనే ఆ హద్దు రాసి ఉంది. వస్తువుల హద్దుని క్షితిజం దాకా పొడిగించే టిక్ ఓపెన్ రైల్స్ ఆప్షన్స్‌లో ఉంది. అది పెట్టగానే సరైపోతే తయారీదారుని అడగాల్సిన పని లేదు.

కంకర మాత్రం పూర్తిగా తయారీ పనే, ఇక్కడ మీ ఫిర్యాదులో న్యాయం ఉంది. మన మెయిన్ లైన్లలో కిలోమీటరుకి 1,660 స్లీపర్లు వేస్తారు. అంటే స్లీపర్‌కీ స్లీపర్‌కీ మధ్య దాదాపు 60 సెం.మీ. చాలా రూట్లలో మూడు స్లీపర్లున్న బొమ్మను 1.8 మీటర్లకొకసారి పరుస్తారు. కిలోమీటరుకి 550 సార్లకు పైగా అదే బొమ్మ. అందులో ఒక్క నూనె మరక ఉంటే చాలు, క్యాబ్‌లోంచి చూస్తే అది పట్టాల మధ్య చుక్కల గీతలా క్షితిజం దాకా సాగుతుంది. నిలువుగా పైనుంచి చూసే ఎడిటర్‌లో ఇది కనిపించదు. అందుకే తయారుచేసినవాళ్లు గమనించరు.

దీనికి మందు పెద్ద టెక్స్‌చర్ కాదు. నాలుగు వేల పిక్సెళ్ల బొమ్మ వేసినా మరక ఉంటే చుక్కల గీత ఉంటుంది. బొమ్మని 10 స్లీపర్ల పొడవుకి పెంచాలి, అంటే ఆరు మీటర్లు. మూల బొమ్మలో ప్రత్యేకంగా కంటికి తగిలే రాయి, మరక ఏదీ ఉండకూడదు. మరకలు వేరే డెకాల్స్‌గా (పైన అతికించే చిన్న బొమ్మలుగా), అసలు ఎక్కడ పడతాయో అక్కడే పెట్టాలి. ఇంజన్లు ఆగి నిలబడే స్టార్టర్ సిగ్నళ్ల (స్టేషన్ వదలడానికి అనుమతిచ్చేవి) దగ్గర పట్టాల మధ్య నూనె నలుపు. బండ్లు బ్రేకులు వేసుకుంటూ వచ్చే ప్లాట్‌ఫారాల దగ్గర బ్రేక్ ధూళి పట్టి కంకర తుప్పు రంగుకి తిరుగుతుంది. వాడకం లేని లూప్ లైనులో (స్టేషన్‌లోని పక్క లైను) పట్టా పైభాగం కూడా తుప్పే. మెయిన్ లైనులో చక్రం ఆనే పట్టీ మాత్రమే వెండిలా మెరుస్తుంది, పట్టా పక్క భాగం గోధుమ రంగులోనే ఉంటుంది. పట్టా మొత్తానికీ మెరుపు పెట్టేస్తే పట్టాలు ప్లాస్టిక్ బొమ్మల్లా కనిపించేది ఈ ఒక్క తప్పు వల్లే. కొత్తగా పోసిన కంకర తేట బూడిద రంగు, పాతది మట్టిపట్టి ముదురు. ఒకే స్టేషన్‌లో రెండూ ఉంటేనే మన లైన్‌లా ఉంటుంది.

వెలుతురు గురించి మీరు అడగలేదు గానీ, ట్రెయిన్ సిమ్ వరల్డ్‌లో "రూట్ పాడైపోయింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అదే. 2022లో వచ్చిన మూడో భాగంలో ఆకాశం, వాతావరణం కొత్త పద్ధతిలోకి మారాయి. పాత పద్ధతికి తూచి రంగులు వేసిన రూట్లు అందులో కొన్నిచోట్ల మరీ తెల్లగా, కొన్నిచోట్ల మరీ చీకటిగా కనిపించాయి. అందుకే వెలుతురు తప్పు రాసేటప్పుడు ఒకే చోటి ఫొటోలు మూడు పెట్టండి: పొద్దున 7, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, మూడూ మబ్బు లేని వాతావరణంలో. ఒక్క ఫొటోతో అది వస్తువు రంగు తప్పో, ఆకాశం తప్పో ఎవరూ చెప్పలేరు. మూడింట్లోనూ గోడ తెల్లగా వెలిగిపోతుంటే రంగు తప్పు. మధ్యాహ్నం ఒక్కటే వెలిగిపోతుంటే ఎక్స్‌పోజర్ తప్పు.

మన రూట్లలో ఇంకో పరీక్ష కూడా ఉంది. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీద ఉంటాడు. అప్పుడు బోగీ నీడ బోగీ కిందే ఉండాలి. అదే తేదీన ఆటలో నీడ పక్క ప్లాట్‌ఫారం దాకా సాగుతుంటే రూట్ అక్షాంశమో, సమయ మండలమో తప్పు పెట్టారు. ఒక్క సంఖ్య మారిస్తే రూట్ మొత్తం మన ఎండలా కనిపిస్తుంది. ఇలాంటి తప్పు పట్టి రాసినవాళ్లను ఏ తయారీదారైనా గుర్తుపెట్టుకుంటాడు.

సిగ్నళ్ల గురించి ఒక్క మాట. డిస్టెంట్ సిగ్నల్ (ముందస్తు హెచ్చరిక ఇచ్చేది) హోమ్‌కి (స్టేషన్‌లోకి రానిచ్చే సిగ్నల్) కనీసం ఒక కి.మీ. ముందుంటుంది. 20 సెం.మీ. దీపం ఆ దూరంలో పావు పిక్సెల్. కాబట్టి ఏ సిమ్‌లోనైనా దీపం చుట్టూ కాంతి వలయం కృత్రిమంగా పెడతారు, పెట్టాలి కూడా. "సిగ్నల్ వెలుగు అసహజంగా పెద్దది" అని రిపోర్ట్ చేయకండి. "రెండు పసుపు దీపాలు 600 మీటర్ల నుంచి ఒకటిగా కలిసిపోయి కనిపిస్తున్నాయి" అని రాయండి. అది బండి నడపడాన్ని దెబ్బతీసే తప్పు, వరసలో పైకి వెళ్తుంది.

ఇప్పుడు రాయడం. అవతల రిపోర్టులు చదివే మనిషి ముందు చేసే పని ఆటలో ఆ చోటికి వెళ్లడం. రెండు నిమిషాల్లో వెళ్లలేకపోతే మీ రిపోర్టు పక్కకి పోతుంది. కాబట్టి అన్నిటికన్నా ముఖ్యం చోటు. స్టేషన్ పేరు, ఏ లైను, ఏ దిక్కుకి వెళ్తుండగా, దగ్గర్లోని కిలోమీటరు రాయి లేదా ఓహెచ్ఈ (కరెంటు తీగల) స్తంభం నంబరు. ఓపెన్ రైల్స్‌లో సున్నా నొక్కితే వచ్చే దిక్సూచి కిటికీలో కెమెరా అక్షాంశ రేఖాంశాలు కూడా కనిపిస్తాయి, అవి ఫొటోలో పడేలా తీయండి. ఓపెన్ రైల్స్ లాగ్ ఫైల్ మామూలుగా డెస్క్‌టాప్ మీదే పడుతుంది, అదీ జత చేయండి. అందులో దొరకని టెక్స్‌చర్ల పేర్లు వరసగా ఉంటాయి. తెల్లగా కనిపించే గోడల్లో సగం దొరకని టెక్స్‌చర్లే, అంటే మీరు జత చేయాల్సిన ఏదో ప్యాక్ వేసుకోలేదని అర్థం. ముందు అది చూసుకోండి.

మంచి రిపోర్టు ఇలా ఉంటుంది:

"రూట్ వెర్షన్ 1.2. ఓపెన్ రైల్స్. కొవ్వూరు స్టేషన్, 1వ ప్లాట్‌ఫారం, రాజమండ్రి వైపు చివర పేరు బోర్డు. తెలుగు పేరులో వ కింద వత్తు విడిపోయి పొల్లుగా పక్కన పడింది. కొవ్వూరు అని ఉండాలి, కొవ్‌వూరు అని కనిపిస్తోంది. రెండో చివర బోర్డు కూడా అంతే. హిందీ, ఇంగ్లీషు సరిగ్గా ఉన్నాయి. ఏ వాతావరణంలోనైనా, ప్రతిసారీ. జత: ఆటలోని ఫొటో, అక్షాంశ రేఖాంశాలతో."

ఇంతే. కోపం లేదు, పొగడ్త లేదు, ఒకే తప్పు. దీన్ని చూసినవాడు ఐదు నిమిషాల్లో సరిచేస్తాడు. ఈ తప్పు మన రూట్లలో తరచూ వస్తుంది, ఎందుకంటే వత్తులు అమర్చడం తెలియని టెక్స్ట్ ఇంజన్‌తో బొమ్మ తయారుచేస్తారు. ఫొటోషాప్‌లో టైప్ ఇంజన్‌ని దక్షిణాసియా లిపులకు సరిపడే దానికి మార్చుకోవాలి. లేకపోతే ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, అక్షరాలను పాత్‌లుగా మార్చి, పీఎన్‌జీగా తీసుకోవాలి. పసుపు బోర్డు మీద నల్లటి తెలుగు అక్షరం తప్పుగా ఉంటే ఎంత మంచి వంతెన కట్టినా ఆ స్టేషన్ మనది అనిపించదు. నా దృష్టిలో కంకర కన్నా ముందు సరిచేయాల్సింది ఇదే.

తప్పు వేరు, లోటు వేరు. ఈ రెంటినీ ఒకే కాగితం మీద కలపొద్దు. గోదావరి ఆర్చ్ వంతెన 28 స్పాన్‌లది, ఒక్కోటి 97.55 మీటర్లు, 1997లో పూర్తయింది. ఆటలో 26 స్పాన్‌లే ఉంటే అది తప్పు, సంఖ్య చెప్పి రాయండి. ఒక స్పాన్ ఆకారం చేసి 28 సార్లు పెట్టడమే కాబట్టి సరిచేయడానికి వీలుంటుంది. పక్కన 1900లో తెరిచిన హేవలాక్ వంతెన లేకపోతే, అది లోటు. అది 56 స్పాన్‌ల మరో వంతెన, కొత్తగా చేయాల్సిన పని, "వీలైతే" అని విడిగా అడగండి. ఖర్చు ఊహించి అడిగితే మీ మాటకి బరువు పెరుగుతుంది. తీగ విషయంలోనూ అంతే. నిజంలో కాంటాక్ట్ తీగ పట్టాల నడిమధ్యన తిన్నగా ఉండదు. పాంటోగ్రాఫ్ (ఇంజన్ మీద తీగను తాకే చట్రం) పట్టీ ఒకే చోట అరిగిపోకుండా తిన్నని దారిలో అటూ ఇటూ 200 మి.మీ., వంపుల్లో 300 మి.మీ. దాకా పక్కకి జరుగుతుంది. స్తంభాల మధ్య దూరం గరిష్ఠంగా 72 మీటర్లు, వంపుల్లో తగ్గుతుంది. చాలా రూట్లలో తీగ నడిమధ్యనే, స్తంభాలు అంతటా ఒకే దూరంలో ఉంటాయి. ఇది నిజంగానే తప్పు. కానీ రూట్ మొత్తం మళ్లీ పరిస్తే తప్ప సరికాదు. కాబట్టి ఈ రూట్‌కి అడగకండి, అదే తయారీదారు కొత్త రూట్ మొదలుపెట్టే సమయానికి ఈ రెండు కొలతలూ పంపండి.

ఆధారంగా ఫొటో పెడితే మంచిదే గానీ, ప్లాట్‌ఫారం మీంచో, బండి కిటికీలోంచో తీసినదే పెట్టండి. ఆట కోసం పట్టాల మీదకి దిగి తీయడం రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం నేరం, పైగా ప్రాణాల మీదకి వస్తుంది. ఫొటో తీసిన సంవత్సరం కూడా రాయండి. రూట్ ఏ ఏడాదిని చూపిస్తోందన్నదే సగం వాదనలకు మూలం. విశాఖపట్నం, సికింద్రాబాద్ మధ్య వందే భారత్ 2023 జనవరిలో మొదలైంది. 2010 నాటి రూట్‌లో అది లేదని అడగడం న్యాయం కాదు, ఉంటేనే తప్పు.

ఇప్పుడు మీకొచ్చిన "టీమ్‌కి పంపాం" సంగతి. పెద్ద కంపెనీల్లో ఆ మాట రాసేది కమ్యూనిటీ మనిషి, రూట్ కట్టే మనిషి కాదు. జాబితాలో చేర్చామన్నంత వరకే దాని అర్థం. సరిచేస్తామనీ కాదు, చేయమనీ కాదు. దాన్ని అవమానంగా తీసుకోవద్దు, వాగ్దానంగానూ తీసుకోవద్దు. "మా దగ్గర రావడం లేదు" అంటే మాత్రం అది మీకు అందిన అవకాశం. వాళ్లు ప్రయత్నించారన్నమాట. సెట్టింగ్స్, వేళ, వాతావరణం, వేగం మళ్లీ వివరంగా ఇవ్వండి, 20 సెకన్ల వీడియో పెట్టండి. "ఇంజిన్ పరిమితి" (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్ హద్దు) అంటే తీగ మిణుకు లాంటి వాటికి అది నిజమే, కంకర అచ్చుకి నిజం కాదు. అక్కడ మర్యాదగా "డెకాల్స్‌తో తగ్గించే వీలుందా" అని ఒక్కసారి అడగొచ్చు.

రాసేముందు స్టీమ్ పేజీలో డెవలపర్, పబ్లిషర్ అన్న రెండు గడులూ చూడండి. ట్రెయిన్ సిమ్ వరల్డ్ పబ్లిషర్ డవ్‌టెయిల్ గేమ్స్ అయినా, యాడ్-ఆన్‌లు చాలావాటిని వేరే స్టూడియోలు చేస్తాయి. ఇల్లు కట్టినవాడిని వదిలేసి అమ్మినవాడి దగ్గర గోడ పగులు గురించి అడిగితే మాట చేరడానికి నెలలు పడుతుంది. డవ్‌టెయిల్ తమ రోడ్‌మ్యాప్‌ని క్రమం తప్పకుండా ప్రచురిస్తుంది. ఏ రూట్‌కి ప్యాచ్ పనిలో ఉందో అందులో ఉంటుంది. మీ రూట్ పేరు అందులో లేకపోతే ఇప్పట్లో లేదనుకోండి, ప్రతి వారం అడగడం వల్ల ముందుకు రాదు. పీసీలో ప్యాచ్ వచ్చి ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లలో రాకపోతే కోపగించుకోకండి. కన్సోల్ ప్యాచ్‌లు సోనీ, మైక్రోసాఫ్ట్ ఆమోదం పొందాకే బయటికి వస్తాయి.

అభిమానులు ఉచితంగా చేసే మన రూట్లలో పరిస్థితి వేరు. అక్కడ కట్టేవాడూ, జవాబిచ్చేవాడూ ఒకే మనిషి, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు స్తంభాలు నాటే మనిషి. అలాంటివారికి 14 తప్పులు ఒకేసారి పంపకండి. అన్నిటికన్నా కంటికి కొట్టే మూడు పంపండి, అవి సరైపోయాక మిగతావి. మీకు టెక్స్‌చర్ చేయడం వస్తే తప్పుతో పాటు సరిచేసిన ఫైల్ కూడా పంపండి, అంతకన్నా మంచి రిపోర్టు లేదు.

రూట్ తయారుచేసేవాళ్లు ఇది చదువుతుంటే మీకూ రెండు మాటలు. విడుదల చేసేటప్పుడు మూడు విషయాలు ముందే రాయండి: రూట్ ఏ ఏడాదిది, ఏది కావాలనే వదిలేశారు, ఏది తర్వాత వస్తుంది. "రాజమండ్రి ఊరి లోపలి ఇళ్లు పట్టాలకు 300 మీటర్ల దాకానే ఉన్నాయి, అవతల బొమ్మ పలకలే" అని ఒక వాక్యం రాస్తే, ఆ విషయం మీద వచ్చే 30 ప్రశ్నలు ఆగిపోతాయి. ముందస్తు ఫొటోలు కెమెరాని ఎక్కడో గాల్లో పెట్టి తీసినవి కాకుండా, క్యాబ్‌లోంచి, మధ్యాహ్నం, మామూలు సెట్టింగ్స్‌లో తీసినవి పెట్టండి. సూర్యాస్తమయం ఫొటో చూసి వేసుకున్నవాడు మధ్యాహ్నం ఎండలో నడిపి నిరాశపడితే ఆ నిరాశ మీ మీదకే వస్తుంది. నేల ఎత్తులకు ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన) డేటా వాడితే, అది 30 మీటర్లకొక బిందువు, ఎత్తు పూర్తి మీటర్లలో ఉంటుందని గుర్తుంచుకోండి. 200కి 1 వాలులో ప్రతి 30 మీటర్లకు పెరిగేది 15 సెం.మీ. మాత్రమే. డేటా దాన్ని మెట్లుగా చూపిస్తుంది, నేల కంకర పైకి పొడుచుకొస్తుంది. ముందు పట్టాల వాలు పెట్టి, నేలను దానికి తగ్గట్టు దించండి, తిరగేసి చేయకండి.

డబ్బు పెట్టి కొనే రూట్ అయితే, ముందు ఎవరైనా క్యాబ్‌లోంచి కత్తిరింపుల్లేకుండా తీసిన పూర్తి ప్రయాణం వీడియో చూడండి. కొన్నాక నచ్చకపోతే స్టీమ్‌లో 14 రోజుల్లోపు, యాడ్-ఆన్ కొన్న తర్వాత అసలు ఆటను రెండు గంటల లోపే ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ రెండు గంటల్ని మెనూల్లో పోగొట్టుకోకుండా, నేరుగా పగటి వేళ ఒక స్టేషన్‌లో, ఒక వంపులో, ఒక వంతెన మీద చూసుకోండి.

మీ విషయానికి ఈ వారం చేయాల్సింది: టీఏఏ, స్క్రీన్ పర్సెంటేజ్ 140, ఆట ఎస్ఎస్‌డీలోకి, ఓపెన్ రైల్స్‌లో 3,000 మీటర్లు, హద్దు పొడిగింపు టిక్. తర్వాత 30, 130 వేగాల పరీక్ష. మిగిలిన చెట్లు ఏవో, ఏ కిలోమీటరు దగ్గరో, కంకర చుక్కల గీత ఎక్కడ ఎక్కువగా ఉందో రాసుకుని రెండు వేర్వేరు రిపోర్టులుగా పంపండి. ప్యాచ్ వచ్చిన రోజు అదే చోటికి వెళ్లి చూసి, సరైతే సరైందని కూడా అదే రిపోర్టు కింద రాయండి. సరికాకపోతే కొత్త వెర్షన్ నంబరుతో, కొత్త ఫొటోతో ఒక్కసారే రాయండి.